పడమటి గోడకు చిల్లుల రేకు తెర: మూడంతస్తుల ప్రజా కార్యాలయ భవనం కేస్ స్టడీ

చిల్లుల రేకు ప్యానెళ్ల గురించి మాట మొదలవగానే అందరూ అడిగేది ఒకటే: చిల్లుల శాతం ఎంత? టెండరులో రాసేదీ, ఫ్యాబ్రికేటర్ కోట్ చేసేదీ ఆ అంకెనే. నిజానికి భవనం ఎంత చల్లబడుతుందో ఆ ఒక్క అంకె చెప్పలేదు. రేకు మందం, ఎండ తగిలే కోణం, గోడకూ రేకుకూ మధ్య సందు, రేకు రంగు, వేడెక్కిన గాలి బయటికి పోయే దారి: ఈ అయిదూ కలిస్తేనే ఫలితం. కింది కేసులో వీటిని ఒక్కొక్కటిగా లెక్కగట్టి చూపుతున్నాం. ఇందులోని వేడి, బరువు, గాలి ఒత్తిడి అంకెలన్నీ డిజైన్ లెక్కలు. కట్టాక ఏం కొలవాలో చివర్లో ఉంది.

భవనం

మూడంతస్తులు, అంతస్తు ఎత్తు 3.6 మీటర్లు. పడమటి గోడ పొడవు 36 మీటర్లు, పైన పిట్టగోడ ఉంది. కాంక్రీటు ఫ్రేము, మధ్యలో 230 మి.మీ. ఇటుక గోడ. మూడు మీటర్లకో బే (రెండు పోస్టుల మధ్య గోడ భాగం) చొప్పున అంతస్తుకు 12 బేలు, ప్రతి బేలో 1.8 × 1.5 మీటర్ల కిటికీ. మొత్తం 36 కిటికీలు, 97.2 చ.మీ. గాజు. గాజు 6 మి.మీ. సాదాది. తగిలిన ఎండ వేడిలో 82% దాకా లోపలికి వదిలేస్తుంది.

సాయంత్రం పడమటి గోడ మీద చదరపు మీటరుకు 600 వాట్ల ఎండ పడిందనుకుందాం. ఎండ కాలంలో ఇది మామూలే. 97.2 × 600 × 0.82 అంటే 47.8 కిలోవాట్లు. ఒక టన్ను ఏసీ 3.517 కిలోవాట్ల వేడిని తీస్తుంది కాబట్టి, ఒక్క పడమటి కిటికీల కోసమే 13 టన్నులకు పైగా కావాలి. గోడ సంగతి వేరు. ఇటుక ఆ వేడిని పట్టి ఉంచుకుని చాలా గంటల తర్వాత లోపలికి వదులుతుంది. సాయంత్రానికి ఖాళీ అయ్యే ఆఫీసుకు అది పెద్ద బాధ కాదు. రాత్రంతా రోగులుండే వార్డుకైతే కిటికీ ఎంత ముఖ్యమో గోడా అంతే ముఖ్యం.

లోపల కర్టెన్లు వేస్తే చాలదా అని అడుగుతారు. కర్టెన్ ఎండను ఆపేది గాజు దాటి లోపలికి వచ్చాక. గుడ్డ పీల్చుకున్న వేడి గదిలోనే మిగులుతుంది. ఎండను గాజుకు బయటే ఆపాలి. కిటికీ మీద చూరు కూడా పడమటి వైపు పనికిరాదు. పొద్దు వాలేటప్పుడు ఎండ చూరు కిందినుంచి నేరుగా వస్తుంది. అందుకే గోడంతా కప్పే నిలువు తెర.

చిల్లు లోతు, ఎండ కోణం

ఎంచుకున్నది 3 మి.మీ. అల్యూమినియం రేకు, 6 మి.మీ. గుండ్రటి చిల్లు, 10 మి.మీ. పిచ్ (పక్కపక్క చిల్లుల కేంద్రాల మధ్య దూరం), వరసలు 60 డిగ్రీల కోణంలో జరిపినవి. ఈ అమరికకు సూత్రం సులువు: చిల్లు వ్యాసాన్ని పిచ్‌తో భాగించి, వర్గం చేసి, 90.69తో గుణిస్తే ఖాళీ శాతం వస్తుంది. ఇక్కడ 32.6%. చదరపు అమరికైతే 90.69 బదులు 78.54. చిల్లు వ్యాసం రేకు మందం కన్నా తక్కువైతే చిల్లు కొట్టే పంచ్ విరుగుతుంది. రెండు చిల్లుల మధ్య మిగిలే లోహం కూడా మందం కన్నా తగ్గకూడదు. ఇక్కడ అది 4 మి.మీ., సరిపోతుంది.

ఈ 32.6% అనేది ఎండ రేకుకు సూటిగా తగిలినప్పటి మాట. ఏటవాలుగా వచ్చే కిరణానికి చిల్లు గోడ అడ్డం పడుతుంది. 3 మి.మీ. లోతున్న 6 మి.మీ. చిల్లులోంచి 45 డిగ్రీల కిరణం వెళ్లాలంటే ముందు అంచూ వెనక అంచూ 3 మి.మీ. జరిగినట్టు ఉంటాయి. రెండు వృత్తాలూ కలిసే భాగం చిల్లులో 39% మాత్రమే. అంటే రేకు దాటేది 12.7%. అదే చిల్లు 2 మి.మీ. రేకులో ఉంటే 58% తెరిచి ఉండి 19% దాటేస్తుంది. కేటలాగులో రెండిటికీ ఒకే 32.6% రాసి ఉంటుంది. రేకు పలచన చేసి డబ్బు మిగిల్చామనుకునేవాళ్లు ఒకటిన్నర రెట్ల ఎండను లోపలికి రానిచ్చినట్టే.

పడమటి గోడకు ఇంకో చిక్కు ఉంది. సూర్యుడు గోడకు ఎదురుగా ఉండి, 60 డిగ్రీల ఎత్తులో ఉన్నప్పుడు ఈ రేకు 2% మాత్రమే వదులుతుంది. 45 దగ్గర 13, 30 దగ్గర 21, 15 దగ్గర 27, అస్తమించే ముందు పూర్తి 32.6. కిటికీ పక్క కూర్చున్నవాళ్లకు ఎండ కళ్లలో కొట్టే వేళకే తెర ఎక్కువ వదులుతుందన్నమాట. బల్లపరుపు చిల్లుల రేకును పడమటి గోడకు కట్టి, మధ్యాహ్నం పూట చూసి మెచ్చుకుంటే సాయంత్రం నిరాశ తప్పదు.

ఇందుకు విరుగుడు రేకును నిలువు మడతలుగా వంచడం. ప్రతి మడత ముఖం గోడకు 30 డిగ్రీలు తిరిగి ఉంటే, ఎదురుగా వచ్చే ఎండ కూడా రేకుకు 30 డిగ్రీల ఏటవాలులోనే తగులుతుంది. 32.6 కాస్తా 20.8 అవుతుంది. మరి సూర్యుడు పక్కకు 30 డిగ్రీలు జరిగి ఒక ముఖానికి సూటిగా వస్తే? అప్పుడు పక్క ముఖానికి 60 డిగ్రీల కోణం పడుతుంది, అది దాదాపు ఏమీ వదలదు. రెండూ కలిపి సగటు 22% చుట్టూనే. అంటే మడత వల్ల అడ్డదిశలో ఏ కోణంలోనైనా తెర దాదాపు ఒకేలా పనిచేస్తుంది. ఇందుకు 15% రేకు ఎక్కువ పడుతుంది. ఆ ఖర్చు పెట్టదగినదే, ఎందుకంటే మడతలు రేకుకు గట్టిదనం కూడా ఇస్తాయి.

ప్యానెల్

పూర్తయిన ప్యానెల్ వెడల్పు 1 మీటరు, ఎత్తు 1.8 మీటర్లు, పక్క జాయింటు 10 మి.మీ. ఎనిమిది ముఖాలు, ఒక్కోటి 144 మి.మీ. వెడల్పు, మడత లోతు 72 మి.మీ. రేకు విప్పితే 1155 మి.మీ., అంచు మడతలకు చెరో 45 కలిపితే 1245. మార్కెట్‌లో దొరికే 1250 మి.మీ. షీటులో సరిగ్గా ఇమిడిపోతుంది. మడత కోణాన్ని 30 నుంచి 35కు పెంచితే ఈ షీటు చాలదు, వెంటనే 1500 షీటుకు వెళ్లాలి, తరుగు పెరుగుతుంది. అందుకే కోణం ఖాయం చేసే ముందు షీటు వెడల్పు చూసుకోవాలి.

మడత గీత చిల్లుల మీదుగా పోకూడదు. పోతే వంపు దగ్గర చిల్లులు కోలగా సాగుతాయి, మధ్య లోహం చిట్లుతుంది, గీత వంకరపోతుంది. గీతకు ఇరువైపులా 12 మి.మీ. చొప్పున చిల్లులు లేకుండా వదిలాం. దాంతో 144 మి.మీ. ముఖంలో చిల్లులు పడేది 120 మి.మీ. మేరకే. 32.6% కాస్తా 27కు దిగుతుంది. పై కింది అంచులు కూడా తీసేస్తే ప్యానెల్ మొత్తానికి నిజమైన ఖాళీ 25% దగ్గర తేలుతుంది. డ్రాయింగులో రెండంకెలూ విడివిడిగా రాయాలి: చిల్లుల భాగంలో ఎంత, ప్యానెల్ మొత్తానికి ఎంత. లేకపోతే 25% అడిగిన చోట 19% వచ్చి గదులు చీకటవుతాయి.

అల్యూమినియం మిశ్రలోహం 5052 రకం, హెచ్32 టెంపర్ (గట్టిదనపు స్థాయి). వంపులకు బాగా లొంగుతుంది. 6061-టి6 గట్టిదని చెప్పి దాన్ని వాడితే వంపు దగ్గర పగుళ్లు వస్తాయి. చిల్లులు కొట్టగానే రేకులోని ఒత్తిళ్లు వదులై షీటు పళ్లెంలా వంగుతుంది. లెవెలింగ్ రోలర్లలో సాపు చేశాకే బెండింగ్‌కు పంపాలి. ఈ అడుగు దాటేసిన ఫ్యాబ్రికేటర్ ప్యానెళ్లను ఇట్టే గుర్తుపట్టవచ్చు: పక్కపక్కన నిలబెడితే మడత గీతలు ఒకదానితో ఒకటి కలవవు. చదరపు మీటరు చిల్లుల భాగానికి 11,500కు పైగా చిల్లులు పడతాయి కాబట్టి, ఒక్కో చిల్లు కొట్టే పంచ్‌తో కాకుండా ఒకేసారి చాలా చిల్లులు కొట్టే గుంపు పంచ్‌తో చేయించాలి.

కోటింగ్ ఎప్పుడూ చిల్లులూ మడతలూ అయ్యాకే. ముందే రంగేసిన కాయిల్‌ను పంచ్ చేస్తే ప్రతి చిల్లు అంచూ బట్టబయలు. గాల్వనైజ్డ్ ఉక్కు రేకులో ఇదే పని చేస్తే తుప్పు చారలు చిల్లుల నుంచే మొదలవుతాయి. పౌడర్ కోటింగ్‌లో మడత లోపలి మూలకు పొడి సరిగా చేరదు, పూత మందాన్ని మైక్రాన్ మీటరుతో చదును చోట కాదు, ఆ మూలలో కొలవాలి. ఇంత చేసీ చిల్లు లోపలి అంచు తడిమి చూడాలి. పంచ్ బయటికి వచ్చిన వైపు బర్ (గరుకు లోహపు అంచు) మిగిలి ఉంటే రంగు అక్కడ నిలవదు.

ఒక్కో ప్యానెల్ బరువు 15 కిలోల లోపు. ఇద్దరు ఎత్తి పట్టుకోగలరు.

రంగు

రేకు పీల్చుకున్న ఎండ రెండు వైపులా గాలికీ, చుట్టుపక్కలకూ పోతుంది. లేత బూడిద రంగు 40% పీలుస్తుందనుకుంటే రేకు బయటి గాలికన్నా 9 డిగ్రీలు వేడెక్కుతుంది. ముదురు రంగు 85% పీలిస్తే 20 డిగ్రీలు. ఆ వేడి రేకు వెనక నుంచి కిటికీ మీదికి కిరణాలుగా కొడుతుంది: లేత రంగుకు చ.మీ.కు 40 వాట్లు, ముదురు రంగుకు 90. కాబట్టి బయటి ముఖం లేత రంగే.

లోపలి ముఖానికి మాత్రం ముదురు బూడిద రంగు వేయించాం. కారణం చూపు. లోపలి ముఖం తెల్లగా ఉంటే అది మెరిసి, చిల్లుల వెనక ఉన్న బయటి దృశ్యం కనిపించదు. ముదురుగా ఉంటే కంటికి రేకు వెనక్కి తగ్గి చెట్లూ రోడ్డూ తెలుస్తాయి. ముదురు రంగు వేడిని ఎక్కువ చిమ్ముతుందన్న భయం అక్కర్లేదు. రంగేదైనా పెయింటు పూత ఉష్ణ కిరణాలను ఇంచుమించు ఒకే మోతాదులో చిమ్ముతుంది.

రంగు వేయని మెరిసే అల్యూమినియం ఎండను తిప్పికొడుతుంది కదా, అదే చల్లగా ఉంటుందని కొందరి వాదన. పీల్చేది తక్కువే, కానీ పీల్చిన దాన్ని చిమ్మే గుణం ఇంకా తక్కువ. గాలి ఆడని రోజున చెయ్యి పెట్టలేనంతగా కాలుతుంది. పైగా మెరుపు ఎదుటి రోడ్డు మీద వాళ్ల కళ్లలో పడుతుంది.

సందు, గాలి దారి

గోడకూ రేకు వెనక అంచుకూ మధ్య 650 మి.మీ. సందు పెట్టాం. అందులో ప్రతి అంతస్తు దగ్గరా 450 మి.మీ. వెడల్పు గ్రేటింగ్ (లోహపు జాలీ) నడవా. కిటికీలు తుడవడానికి, రేకు వెనక కడగడానికి మనిషి నిలబడే చోటు అది. నడవా కంతల్లేని చెకర్డ్ ప్లేటుతో చేస్తే గాలి ఆగిపోతుంది, గ్రేటింగే ఉండాలి.

ఈ సందు చిమ్నీలా గాలిని పైకి లాగేస్తుందని బ్రోషర్లలో బాణాలు గీస్తారు. లెక్క వేయండి. 10.8 మీటర్ల ఎత్తులో సందు గాలి బయటికన్నా 5 డిగ్రీలు వేడిగా ఉంటే వచ్చే ఒత్తిడి 2 పాస్కల్స్. అంత చిన్న ఒత్తిడిని చిల్లులు దారి పొడవునా కారుస్తూనే ఉంటాయి. గాజుతో మూసిన జోడు గోడలో చిమ్నీ పనిచేస్తుంది. పాతిక శాతం ఖాళీ ఉన్న రేకు వెనక వేడి గాలి ఎక్కువగా చిల్లుల్లోంచీ, జాయింట్లలోంచీ, పై అంచు నుంచీ పోతుంది. కాబట్టి పొగగొట్టం మీద ఆశ పెట్టుకోకుండా అన్ని వైపులా దారి ఇవ్వాలి: కింద నేల నుంచి 750 మి.మీ. వరకు ఖాళీ, పైన పూర్తిగా ఖాళీ, రెండు చివర్లా ఖాళీ. ఈ మూడు చోట్లా 25 మి.మీ. కన్ను వెల్డెడ్ మెష్ తప్పదు. వదిలేస్తే తొలి ఏడే పావురాలు నడవా మీద కాపురం పెడతాయి, రెట్టల ఆమ్లం పూతను తినేస్తుంది.

సందు వెడల్పుకు అసలు కారణం కిటికీలు తెరుచుకునే గదులు. పాతిక శాతం ఖాళీ ఉన్న రేకు గాలికి గట్టి అడ్డంకి. చిల్లుల రేకులకు వాడే సూత్రం ప్రకారం గాలి ఒత్తిడి ఎంత పోతుందో చెప్పే నష్ట గుణకం 30 దాకా ఉంటుంది. రేకును కిటికీకి ఆనించి బిగిస్తే, సెకనుకు అర మీటరు గాలి కావాలన్నా 4 పాస్కల్స్ పోతాయి. మెల్లగా, సెకనుకు 3 మీటర్ల వేగంతో వీచే గాలి ఇచ్చేదే 5 పాస్కల్స్. రేకు దూరంగా ఉంటే కిటికీ చుట్టూ నాలుగింతల వైశాల్యం నుంచి గాలి పోగవుతుంది, రేకులో వేగం నాలుగో వంతు, నష్టం పదహారో వంతు. 4 పాస్కల్స్ కాస్తా పావు పాస్కల్ అవుతుంది. అమెరికాలో 2007లో తెరిచిన శాన్ ఫ్రాన్సిస్కో ఫెడరల్ బిల్డింగ్‌లో ఆగ్నేయపు ముఖమంతా చిల్లుల స్టెయిన్‌లెస్ రేకుతో కప్పి కూడా టవర్ పై అంతస్తులకు సహజ గాలినే నమ్ముకున్నారు. అక్కడా రేకు గాజుకు దూరంగానే నిలబడి ఉంది.

ఇక ఏసీ బయటి యూనిట్లు. పాత భవనాల్లో అవి పడమటి గోడకే వేలాడుతుంటాయి, తెర కడితే అవీ దాగిపోతాయని సంతోషిస్తారు. ఇది ఈ పనిలో అన్నిటికన్నా ఖరీదైన తప్పు. యూనిట్ ఫ్యాన్ సెకనుకు 3 మీటర్ల వేగంతో వేడి గాలిని రేకు మీదికి కొడితే నూరు పాస్కల్స్‌కు పైగా అడ్డు తగులుతుంది. మామూలు ప్రొపెల్లర్ ఫ్యాన్ అంత ఒత్తిడికి తట్టుకోలేదు. గాలి వెనక్కి తిరిగి అదే యూనిట్‌లోకి దూరుతుంది, కంప్రెసర్ మీద ఒత్తిడి పెరిగి మండే ఎండలో ట్రిప్ అవుతుంది. చల్లదనం కోసం కట్టిన తెర చల్లదనాన్నే ఆపేస్తుంది. ఈ కేసులో మొదటి పని యూనిట్లన్నిటినీ పైకప్పు మీదికి మార్చడం, ఆ ఖర్చు తెర బడ్జెట్‌లోనే వేయడం.

ఫ్రేము, బ్రాకెట్లు

నిలువు మడతల రేకు నిలువు దిశలో గట్టిది, అడ్డదిశలో హార్మోనియం తిత్తిలా సాగుతుంది. కాబట్టి దాన్ని పట్టుకునే రెయిళ్లు అడ్డంగా ఉండాలి. నిలువు పోస్టులకే ప్యానెల్ పక్క అంచులు బిగిస్తే మధ్యలో ఊగి కొట్టుకుంటుంది.

రెయిళ్లు ఏ ఎత్తులో పెట్టాలన్నది కిటికీని బట్టే తేల్చాలి. ఫ్లోరు నుంచి 0.9 మీటర్ల దగ్గర కిటికీ మొదలై 2.4 దగ్గర ముగుస్తుంది. రెయిళ్లను ఫ్లోరు మట్టం నుంచి లెక్కేసి 1.8 దగ్గర పెడితే 80 మి.మీ. గొట్టం నిలబడ్డవాళ్ల చూపుకు అడ్డం పడుతుంది. అందుకే ప్రతి అంతస్తులోనూ 0.75, 2.55 మీటర్ల దగ్గర. ఒక వరస ప్యానెళ్లు కిటికీలకు, ఒక వరస మధ్య గోడకు. మొత్తం ఆరు వరసలు, 216 ప్యానెళ్లు, ఏడు రెయిళ్లు. పై వరస పిట్టగోడను కప్పి 11.55 మీటర్ల దగ్గర ఆగుతుంది. గోడ ముందున్న వరసకు చిల్లులు తగ్గించవచ్చు కానీ ఒకే రకం ప్యానెల్ ఉంచాం. సైట్‌లో తారుమారు కావు, అదే బ్యాచ్ రంగులో అరడజను విడిగా చేయించి పెట్టుకుంటే ఎక్కడ దెబ్బ తిన్నా పనికొస్తాయి.

గాలి ఒత్తిడికి చిల్లుల తగ్గింపు తీసుకోలేదు. పాతిక శాతం చిల్లులుంటే గాలి దెబ్బ పాతిక శాతం తగ్గదు. సెకనుకు 40 మీటర్ల డిజైన్ గాలికి చ.మీ.కు 0.98 కిలోన్యూటన్లు, గుణకం 1.3 వేస్తే 1.27. దానికి మూడు మీటర్ల రెయిలు 80×80×4 ఉక్కు గొట్టం: వంపు 11 మి.మీ. లోపు. 60×60×4 తీసుకుంటే బలం సరిపోయినా 26 మి.మీ. వంగుతుంది, రేకులు గలగలమంటాయి. పోస్టులు మూడు మీటర్లకొకటి, 13, 100×100×5 గొట్టం. భవనం మూలల్లోనూ పై అంచులోనూ గాలి గుణకం ఎక్కువ. అక్కడికి స్థానిక కోడ్ ప్రకారం వేరే లెక్క.

బ్రాకెట్లు కాంక్రీటు బీముకే, ఇటుక గోడకు ఎన్నటికీ కాదు. ఒక్కో బ్రాకెట్‌కు గాలి లాగుడు 13.7 కిలోన్యూటన్లు. దీనికి తోడు తెర, నడవా, మనిషి బరువు ముందుకు వేలాడటం వల్ల 2.6 కిలోన్యూటన్ మీటర్ల మొమెంట్ (తిప్పే బలం). పై కింది బోల్టుల మధ్య 200 మి.మీ. ఉంటే పై జతకు మొత్తం 20 కిలోన్యూటన్ల లాగుడు, బోల్టుకు 10. పాత కాంక్రీటులో ఎం16 కెమికల్ యాంకర్లు (జిగురుతో పట్టే 16 మి.మీ. బోల్టులు) వేసి, కొన్నిటిని డిజైన్ లాగుడుకు ఒకటిన్నర రెట్లు లాగి పరీక్షించాలి. బీము అంచుకు దగ్గరగా డ్రిల్ చేస్తే కాంక్రీటు ముక్కగా ఊడుతుంది. కమ్మీ తగిలిందని పక్కకు జరిపిన చిల్లు అంచుకు ఎంత దూరంలో పడిందో డిజైనర్‌కు చెప్పకుండా బిగించవద్దు.

పాత గోడ నిట్టనిలువుగా ఉండదు. 36 మీటర్ల పొడవులో 20, 30 మి.మీ. తేడా మామూలే. టోటల్ స్టేషన్ అనే సర్వే పరికరంతో ప్రతి బ్రాకెట్ చోటూ కొలిచి, ముందు వెనకలకు 25 మి.మీ. సర్దుకునే స్లాట్లు పెట్టి, పోస్టులు నిట్టనిలువుగా ఉన్నాయో లేదో చూశాకే రెయిళ్లు. మడత గీతలు పైనుంచి కిందికి ఒకే వరసలో పోతాయి కాబట్టి రెండు మి.మీ. తేడా కూడా రోడ్డు మీంచి కనబడుతుంది.

బోల్టు దగ్గర

ఎక్కువ తెరలు చెడేది ఇక్కడే. 1.8 మీటర్ల అల్యూమినియం ప్యానెల్ 60 డిగ్రీల తేడాకు 2.6 మి.మీ. పెరుగుతుంది. అడ్డంగా మడతలే సర్దుకుంటాయి, నిలువునా చోటు ఇవ్వాలి. పై అంచున మధ్య బోల్టు ఒక్కటే గుండ్రటి చిల్లులో గట్టిగా. పై అంచులో మిగతావి అడ్డం స్లాట్లలో, కింది అంచువన్నీ నిలువు స్లాట్లలో. స్లాట్ పెట్టి బోల్టును బిర్రుగా బిగిస్తే స్లాట్ ఉన్నా లేనట్టే. అందుకే బోల్టు చుట్టూ 4 మి.మీ. ఎత్తు నైలాన్ బుష్. వాషర్ బుష్ మీద కూర్చుంటుంది, 3 మి.మీ. రేకు దాని కింద జారుతుంది. బుష్ లేని ప్యానెళ్లు పొద్దుగూకాక చల్లబడుతూ టక్ టక్‌మని చప్పుడు చేస్తాయి. కొన్నాళ్లకు స్లాట్ దగ్గర రేకు చీలుతుంది. ఉక్కు రెయిళ్లను కూడా 12 మీటర్లకోసారి తెంపాలి. ఒక్కో ముక్క 8, 9 మి.మీ. కదులుతుంది.

అల్యూమినియం నేరుగా ఉక్కును తాకకూడదు. మధ్యలో ఈపీడీఎం రబ్బరు ప్యాడ్, బోల్టులు స్టెయిన్‌లెస్. తడి చేరితే ఉక్కు దగ్గర అల్యూమినియం తెల్లపొడిగా రాలుతుంది, సముద్రం దగ్గరైతే మరీ త్వరగా. ప్యానెల్ కింది అంచు మడతలో ప్రతి లోయ దగ్గరా 10 మి.మీ. నీటి చిల్లు పెట్టాలి. లేకపోతే వాన నీరూ దుమ్మూ కలిసి అక్కడే పేరుకుంటాయి. పిడుగు రక్షణకు ప్యానెళ్లనూ ఫ్రేమునూ ఎర్త్‌కు కలిపేటప్పుడు పూత విద్యుత్తును ఆపుతుందని గుర్తుంచుకుని పూతను గీరి లోహాన్ని తాకే, అంచుకు పళ్లున్న వాషర్లు వాడాలి.

నిప్పు

గోడ ముందు గాలి ఆడే సందు మంటకూ దారి ఇస్తుంది. 2017 జూన్ 14న లండన్‌లోని గ్రెన్‌ఫెల్ టవర్‌లో 72 మంది చనిపోయిన అగ్నిప్రమాదంలో మంటను పైకి మోసినవి రెండు రేకుల మధ్య పాలిథిలిన్ ప్లాస్టిక్ పొర ఉన్న అల్యూమినియం కాంపోజిట్ ప్యానెళ్లూ, వాటి వెనక సందూ, మండే ఇన్సులేషనూ. చిల్లుల తెరకు మధ్యలో వేరే పొర లేని, పూర్తిగా అల్యూమినియమే అయిన రేకే వాడాలి. కాంపోజిట్ షీటుకు చిల్లులు కొట్టి వాడటం అంటే ప్లాస్టిక్ అంచులను మంటకు చూపడమే. సందులో ఫోమ్, ప్లాస్టిక్ పిట్టల వల, పీవీసీ కేబుళ్లు ఏవీ ఉండకూడదు. పాత గోడ మీద ముందే కాంపోజిట్ క్లాడింగో ఫోమో ఉంటే అది ఊడదీశాకే ఈ పని. ప్రతి అంతస్తులో అగ్నిమాపక సిబ్బంది వాడే కిటికీల ఎదుట ప్యానెళ్లు తలుపుల్లా తెరుచుకోవాలి, కొక్కెం బయటి నుంచీ లోపలి నుంచీ అందాలి. డ్రాయింగు అగ్నిమాపక శాఖ చూసి ఒప్పుకున్నాకే రేకు ఆర్డర్.

లెక్క ఎంత తేలింది

సూర్యుడు ఎదురుగా 30 డిగ్రీల ఎత్తులో ఉన్నప్పుడు మడత రేకుకు కోణం 41 డిగ్రీలు పడుతుంది, మడత అంచులూ లెక్కలోకి తీసుకుంటే దాటేది 12% చిల్లర. 600 వాట్లలో సూటి ఎండ 450, ఆకాశం నుంచి వచ్చేది 150 అనుకుని, రేకు చిమ్మే వెలుగు కూడా కలిపితే గాజు మీద పడేది చ.మీ.కు 100 వాట్ల లోపు. రేకు వేడి గాజు ద్వారా లోపలికి ఇచ్చేదీ కలుపుకుని 47.8 కిలోవాట్లు 9 దగ్గరికి దిగుతుంది. 11 టన్నుల తేడా. ఇది సాయంత్రపు గరిష్ఠం మాత్రమే. దీన్ని రోజంతటికీ, ఏడాదంతటికీ గుణించి కరెంటు ఆదా అని చెప్పడం తప్పు.

వెలుగు సంగతి. పాతిక శాతం రేకు, 88% వెలుగు వదిలే సాదా గాజు కలిస్తే 22%. ఆరుబయట వెలుగు బాగున్న చోట కిటికీ పక్క బల్లలకు చాలు. పాత గాజు మీద ముదురు ఫిల్మ్ ఉంటే ఇది సగం అవుతుంది, పగలంతా లైట్లు వేయాల్సి వస్తుంది, ఆ లైట్ల వేడి గదిలోనే. తెర కట్టాక ఫిల్మ్ గీకేయాలి. దీన్ని పనుల జాబితాలో రాయకపోతే ఎవరూ చేయరు.

మొబైల్ సిగ్నల్ కూడా ముందే చూడాలి. 6 మి.మీ. చిల్లులు రేడియో తరంగాలకు దాదాపు మూసిన రేకే. పడమటి వైపు నుంచే టవర్ సిగ్నల్ వస్తుంటే గదుల్లో ఫోన్లు పలకవు. ఒక బే కట్టగానే లోపల సిగ్నల్ కొలిచి, అవసరమైతే ఇండోర్ యాంటెన్నాకు వైరింగు ముందే వేయించాలి.

ఆ మొదటి బేనే అన్ని పరీక్షలకూ వాడాలి. ఆరు ప్యానెళ్లు, ఒక కిటికీ, నడవాతో సహా. గాలి వీచే రోజున నిలబడి వింటే ఈల వేస్తుందో, గలగలమంటుందో తెలుస్తుంది. ఈల వస్తే ఎక్కువగా అంచు పదునైన చిల్లు మీదుగా పక్కవాటు గాలి పోయినప్పుడే. బర్ తీసి, అంచు నునుపు చేస్తే చాలాసార్లు పోతుంది. తెర ఉన్న కిటికీకీ పక్కనున్న తెర లేని కిటికీకీ గాజు లోపలి ముఖం మీద, గోడ లోపలి ముఖం మీద ఉష్ణోగ్రతను నమోదు చేసే లాగర్లు అంటించాలి. సెన్సర్ మీద నేరుగా ఎండ పడకుండా వెండి టేపు వేయాలి, లేకపోతే అది గాజును కాదు, ఎండను కొలుస్తుంది. సందులో కింద, మధ్య, పైన మూడు చోట్ల గాలి ఉష్ణోగ్రత. పై లాగర్ బయటి గాలికన్నా 5 డిగ్రీలు మించి చూపిస్తే పైన ఏదో మూసుకుపోయింది: ఎక్కువగా మెష్‌లో చెత్త, లేదా పిట్టగోడ మీద ఎవరో తర్వాత బిగించిన ఫ్లాషింగ్ (నీరు దిగకుండా కప్పే రేకు).

రేకు కడగడం ఏడాదికి రెండుసార్లు, వెనక వైపు నడవా మీంచి, తక్కువ ఒత్తిడి నీళ్లతో, మెత్తటి సబ్బుతో. హై ప్రెషర్ జెట్ చిల్లు అంచుల దగ్గర పూతను లేపుతుంది. కడిగే రోజే నైలాన్ బుష్‌లు చూడాలి. పగిలినవాటిని అప్పటికప్పుడే మార్చడానికి ఒక సంచి బుష్‌లు నడవా పెట్టెలో ఉంచుకోవాలి.